గర్భిణికి అందాల్సినవి కొండమీది గూడెం దాకా చేరాలంటే

లక్ష సజీవ జననాలకు ఎంతమంది తల్లులు చనిపోతున్నారన్న లెక్కలో 2018–20లో దేశం సగటు 97. ఆంధ్రప్రదేశ్‌ది 45, తెలంగాణది 43. అంకెలు చూస్తే ఊరటగానే ఉంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇంకో అంకె ఉంది: తెలంగాణలో 100 కాన్పులకు 60కి పైగా సిజేరియన్లు, ఆంధ్రలో 42, దేశం మొత్తమ్మీద 21. ఒకచోట అక్కర్లేని కోతలు, ఇంకోచోట డోలీలో వాగు దాటాల్సిన నిండు చూలాలు. సగటు ఈ ఇద్దరినీ ఒకే గంపలో వేసి తూస్తుంది.

ఆశ కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, పొదుపు సంఘాల లీడర్లు, గూడెంలోనో తండాలోనో నాలుగు అక్షరాలు చదువుకుని నలుగురికి సాయం చేద్దామనుకునే పిల్లలు – వీళ్ళ కోసం ఇది. కాగితం మీద గర్భిణికి రావాల్సినవి తక్కువేమీ కాదు. అవి జారిపోయే చోట్లు మాత్రం ఎప్పుడూ అవే: పేరు రాయించుకోకపోవడం, రక్తం చూడకపోవడం, బండి రాకపోవడం, పెద్దాసుపత్రిలో చేయి చాపడం, బ్యాంకు ఖాతాలో పేరు తప్పు. ఇవన్నీ నొప్పులు మొదలయ్యాక సరిచేద్దామంటే కుదరదు. మూడో నెలలో మొదలుపెడితే అన్నిటికీ టైముంటుంది.

రిజిస్టర్లో లేని పేర్లు

ఏఎన్ఎం (సబ్‌సెంటరు నర్సమ్మ) రిజిస్టరు ముందు పెట్టుకుంటే అందులో ఉన్నవాళ్ళే కనబడతారు. మన పని లేనివాళ్ళతో. కాబట్టి ఇల్లిల్లూ తిరిగి సొంతంగా ఒక నోటుపుస్తకం రాయండి, ఆ తర్వాతే రిజిస్టరుతో సరిచూడండి. ఒక్కొక్కరికి ఒక పేజీ: పేరు, ఫోను (ఎవరిదో కూడా), చివరి నెలసరి, ఎన్నో కాన్పు, గత కాన్పులు ఎలా జరిగాయి, బ్లడ్ గ్రూపు, హిమోగ్లోబిన్ తేదీతో సహా, పాసుపుస్తకం కళ్ళతో చూశారా లేదా. పుస్తకం మీ దగ్గరే ఉండాలి. అందులో ఉన్నది పొదుపు సంఘం మీటింగులో చదివే లెక్క కాదు.

తప్పిపోయేవాళ్ళు ఎవరో ముందే తెలుస్తుంది. అత్తగారి ఊళ్ళో పేరు రాయించుకుని ఏడో నెలలో పుట్టింటికి వచ్చిన పిల్ల: అక్కడ 'వెళ్ళిపోయింది' అని రాస్తారు, ఇక్కడ 'మా ఊరి మనిషి కాదు' అంటారు. ఆర్‌సీహెచ్ నంబరు (ప్రభుత్వ రికార్డులో గర్భిణికిచ్చే సంఖ్య) ఒక్కటుంటే ఏ ఊళ్ళోనైనా ఆమె రికార్డు తెరుచుకుంటుంది. ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) అట్ట మీద ఆ నంబరు రాసి ఉందో లేదో చూడండి, లేకపోతే రాయించండి. ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చి వేసవి దాకా అక్కడే గుడిసెల్లో ఉండేవాళ్ళు, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో స్థిరపడ్డ గొత్తికోయలు ఎవరి జాబితాలోనూ ఉండరు. రెండు సబ్‌సెంటర్ల సరిహద్దులో ఉన్న గూడేన్ని ఇద్దరు ఏఎన్ఎంలూ 'అవతలివాళ్ళది' అనుకుంటారు. ఇలాంటి గూడేల పేర్లు ఒక కాగితం మీద రాసి పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరుకిచ్చి, ఏ గూడెం ఎవరిదో రాతపూర్వకంగా తేల్చమని అడగండి. నోటిమాటగా తేలిన సరిహద్దు మళ్ళీ వచ్చే నెలకు మాసిపోతుంది.

ఇంకో రెండు రకాలవాళ్ళు తమంతట తామే దాక్కుంటారు. నాలుగోసారో ఐదోసారో గర్భం వచ్చిన ఆమె, 'మళ్ళీనా' అని నర్సమ్మ తిడుతుందని ఆరో నెలదాకా బయటపడదు. ప్రమాదం ఎక్కువ ఉండేది ఈమెకే. ఆమె దగ్గరికి వెళ్ళినప్పుడు మొదట అడగాల్సింది 'వదినా, తిండి సయిస్తోందా, నిద్ర పడుతోందా' అని. ఎందుకు ఆపరేషన్ చేయించుకోలేదన్న మాట ఆ రోజు ఎత్తకండి. రెండో రకం 18 నిండకుండా పెళ్ళయిన పిల్ల. కేసవుతుందని ఇంట్లోవాళ్ళు దాస్తారు. పోక్సో చట్టం (18 నిండని పిల్లలపై లైంగిక నేరాల చట్టం) ప్రకారం డాక్టరు సమాచారం ఇవ్వాల్సిన మాట నిజమే, దాన్ని దాచి నమ్మించవద్దు. కానీ వైద్యం ఆపే అధికారం ఎవరికీ లేదు. చిన్న వయసు కాన్పు బీపీకీ, రక్తహీనతకూ, కాన్పు అడ్డం తిరగడానికీ దగ్గర దారి. ఆసుపత్రికి పోకపోవడమే పెద్ద ప్రమాదమని పెద్దవాళ్ళకు నేరుగా చెప్పాలి.

ఆధార్ లేదని వెనక్కి పంపితే ఒక్క మాట గట్టిగా చెప్పండి: వైద్యం వేరు, డబ్బు వేరు. పథకం డబ్బుకు ఆధార్ కావాలి. బీపీ చూడటానికీ కాన్పు చేయడానికీ అక్కర్లేదు. ప్రాణాపాయంలో ఉన్న మనిషిని ప్రభుత్వాసుపత్రి తిప్పి పంపడం జీవించే హక్కును కాలరాయడమేనని సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది.

తేదీ లెక్క

చివరి నెలసరి మొదలైన రోజుకు 9 నెలల 7 రోజులు కలపండి. జూన్ 10 అయితే మార్చి 17. తారీఖు గుర్తుండదు, అది మామూలే. 'దసరాకు ముందా తర్వాతా, అమావాస్య అయిందా, ఏ సంతకు వెళ్ళలేదు ఆ వారం' అని అడిగితే నాలుగైదు రోజుల తేడాతో దొరుకుతుంది. మొదటి 3 నెలల్లో తీసిన స్కాన్ తేదీ ఇంకా నమ్మకమైనది. ఎనిమిదో నెలలో మొదటిసారి స్కాన్ తీస్తే అందులో వచ్చే కాన్పు తేదీ రెండు మూడు వారాలు అటూ ఇటూ అవుతుంది, దాన్ని పట్టుకుని పాత తేదీ కొట్టేయకండి. వసతి గృహానికి ఎప్పుడు తీసుకెళ్ళాలో, గర్భం వద్దనుకుంటే చట్టం ఇచ్చే గడువెంతో, నెలలు నిండకముందే నొప్పులొచ్చాయో లేదో అన్నీ ఈ ఒక్క తేదీ మీదే ఆధారపడతాయి.

కార్డు నిండితే పరీక్ష జరిగినట్టు కాదు

కనీసం 4 సార్లు చూపించుకోవాలి: 12 వారాల లోపు పేరు రాయించేటప్పుడు, 14–26 వారాల మధ్య, 28–34 మధ్య, 36 దాటాక. వీటిలో ఒక్కసారైనా డాక్టరే చూడాలి. ప్రతినెలా 9వ తారీఖున పీహెచ్‌సీల్లో, పెద్ద ఆసుపత్రుల్లో డాక్టరు గర్భిణులను చూసే రోజు ఉంటుంది. దూరపు గూడేలవాళ్ళను ఆ రోజుకు ఒకే ఆటోలో తీసుకెళ్ళండి, ఖర్చు పంచుకోవచ్చు. పొద్దున్నే బయల్దేరాలి. మధ్యాహ్నం దాటితే ల్యాబువాళ్ళు నమూనాలు తీసుకోరు.

ఇంటికొచ్చాక కార్డు చేతిలోకి తీసుకుని చదవండి. బీపీ ప్రతిసారీ 120/80, హిమోగ్లోబిన్ ప్రతిసారీ 10 ఉంటే అనుమానించాలి. నిజంగా కొలిస్తే అంకెలు అంత బుద్ధిగా ఉండవు. 'చేతికి పట్టీ కట్టారా? వేలికి సూది గుచ్చారా? ఒంటేలు పట్టి ఇమ్మన్నారా?' అని ఆమెనే అడగండి. ఎక్కువగా ఎగరగొట్టేది మూత్రపరీక్షనే. మరుగుదొడ్డి ఉండదు, లేదా మూత్రం చూసే పట్టీలు అయిపోయి ఉంటాయి. ఆ పరీక్ష లేకపోతే గుర్రపువాతం (గర్భంలో బీపీ పెరిగి వచ్చే ఫిట్స్) ఎక్కేదాకా ఎవరికీ తెలియదు. బీపీ 140/90కి చేరినా, మూత్రంలో ప్రొటీన్ పడినా అదే రోజు డాక్టరు చూడాలి. తలనొప్పి తగ్గకపోవడం, కళ్ళు మసకబారడం, రొమ్ము కింద గుంటలో నొప్పి, ముఖం వాపు – వీటిలో ఏదైనా ఉంటే రేపటిదాకా ఆగొద్దు. ఫిట్స్ వచ్చిన మనిషిని పెద్దాసుపత్రికి పంపేముందు పీహెచ్‌సీలోనే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు ఇవ్వాలి, రెండు పిరుదుల్లో 5 గ్రాముల చొప్పున. అది ఇవ్వకుండా బండెక్కిస్తుంటే 'ఫిట్స్ ఇంజెక్షన్ వేసి పంపండి మేడమ్' అని అడగడం తప్పేమీ కాదు.

షుగరు పరీక్ష పేరు రాయించేటప్పుడు ఒకసారి, 24–28 వారాల మధ్య ఇంకోసారి: 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి, 2 గంటల తర్వాత రక్తం తీస్తారు. 140కి చేరితే షుగరున్నట్టే. ఆ రెండు గంటలు కూర్చోలేక సంతకు వెళ్ళిపోతారు, పరీక్ష పోతుంది. పక్కన ఒకరుండాలి. హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు, టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి) టీకా ఎలాగూ చేస్తారు. బ్లడ్ గ్రూపు మాత్రం మొదటిసారే రాయించండి. తల్లిది నెగెటివ్ అయి బిడ్డది పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లో యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. అది చిన్న ఆసుపత్రుల్లో ఉండదు, కాన్పయ్యాక వెతికితే దొరకదు.

రక్తం

మన పని ఎక్కువగా నడిచేది ఇక్కడే. దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులని 2019–21 సర్వే చెప్పింది. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువైతే రక్తహీనత, 7 కంటే తక్కువైతే ప్రమాదకరం. మామూలు మనిషి తట్టుకునే రక్తస్రావాన్ని 6 ఉన్న మనిషి తట్టుకోలేదు. కాన్పు మంచాన చనిపోయిన మనిషి కాగితాల్లో 'రక్తస్రావం' అని ఉంటుంది, అసలు కథ నాలుగు నెలల ముందే మొదలై ఉంటుంది.

మాత్రలు ఇస్తున్నారు, మింగడం లేదు. నాలుగో నెల నుంచి రోజుకొకటి, 180 రోజులు, కాన్పయ్యాక మళ్ళీ 180 రోజులు. హిమోగ్లోబిన్ 7 నుంచి 10.9 మధ్య ఉంటే రోజుకు రెండు. ఎందుకు మింగరో అడిగితే చెబుతారు: వికారం, మలబద్ధకం, మలం నల్లగా రావడం, బిడ్డ నల్లగా పుడుతుందన్న భయం, బిడ్డ మరీ పెరిగి కాన్పు కష్టమవుతుందన్న భయం. మలం నల్లబడటం మాత్ర వల్లేనని, దానికి భయపడనక్కర్లేదని చెప్పండి. వికారమైతే రాత్రి అన్నం తిన్న గంటకు వేసుకోమనండి. టీతో గానీ పాలతో గానీ కాదు, నిమ్మకాయ పిండిన నీళ్ళతోనో, ఉసిరికాయ తోనో. కాల్షియం మాత్ర రోజుకు రెండుసార్లు ఇస్తారు. దాన్నీ ఐరన్‌నూ ఒకేసారి మింగితే ఐరన్ ఒంటికి పట్టదు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. చాలామంది అన్నీ కలిపి ఒకే గుక్కలో మింగేస్తారు, ఫలితం లేక మానేస్తారు. మూడో నెల దాటాక నులిపురుగులకు అల్బెండజోల్ 400 మి.గ్రా. ఒక్క మాత్ర, ఎదురుగా మింగించాలి.

నెలకు మళ్ళీ రక్తం చూడండి. హిమోగ్లోబిన్ ఒక గ్రామైనా పెరగకపోతే ముఖ్యంగా రెండు కారణాలు: మింగడం లేదు, లేదా ఇనుము కొరత కాని జబ్బుంది. మొదటిది కాదని తేలితే సికిల్ సెల్, తలసీమియా పరీక్ష అడగండి. ఏజెన్సీలో ఇది చిన్న విషయం కాదు, దేశవ్యాప్త సికిల్ సెల్ మిషన్ 2023 జులైలో మొదలైంది, పరీక్ష ఉచితం. నెలలు మీదపడి 7–9 మధ్య ఆగిపోయినవాళ్ళకు నరానికి ఎక్కించే ఐరన్ సీహెచ్‌సీలో (సామాజిక ఆరోగ్య కేంద్రంలో) పెడతారు. ఎనిమిదో నెలలో కూడా 7 కంటే తక్కువుంటే ఆసుపత్రిలో చేర్చాల్సిందే, ఇంటి దగ్గర బీట్‌రూట్ రసంతో అయ్యే పని కాదు.

ఎక్కడ కాన్పు, ఎలా వెళ్ళాలి

దగ్గరి ఆసుపత్రి, సరైన ఆసుపత్రి ఒకటే కాకపోవచ్చు. గతంలో సిజేరియన్ అయినవాళ్ళు, కవలలు, బిడ్డ ఎదురుకాళ్ళు, బీపీ, షుగరు, సికిల్ సెల్, 140 సెం.మీ. కన్నా పొట్టివాళ్ళు, 18 లోపు లేదా 35 పైబడినవాళ్ళు, గతంలో చనిపోయిన బిడ్డ పుట్టినవాళ్ళు – వీళ్ళను నేరుగా మత్తు డాక్టరు, ఆపరేషన్ డాక్టరు, రక్తం మూడూ ఉన్న ఆసుపత్రికి పంపాలి. ఈ మూడింటిలో ఒకటి లేకపోయినా అక్కడ సిజేరియన్ జరగదు. బోర్డు మీద 'సీహెచ్‌సీ' అని ఉన్నంత మాత్రాన గైనకాలజిస్టు ఉన్నట్టు కాదు, కొండ ప్రాంతాల్లో ఆ కుర్చీ ఖాళీగా ఉండటం మామూలే. తొమ్మిదో నెలలో ఫోను చేసి అడగండి: రాత్రిపూట ఆపరేషన్ చేస్తారా? మత్తు డాక్టరు ఏ రోజుల్లో ఉంటారు? రక్తం నిల్వ ఉందా? జవాబులు తేదీతో పుస్తకంలో రాయండి.

రోడ్డు లేని గూడేల నుంచి కాన్పు తేదీకి 10–15 రోజుల ముందే కిందికి దింపడం ఒక్కటే నమ్మకమైన పద్ధతి. సాలూరులో కొండమీది గర్భిణుల కోసం పెట్టిన వసతి గృహం లాంటివి ఇందుకే వచ్చాయి. మీ ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలో ఉందేమో అడగండి. ఉన్నా ఎందుకు వెళ్ళరు? పెద్దపిల్లల్ని ఎవరు చూస్తారు, కోళ్ళూ మేకలూ ఎవరు చూస్తారు, అక్కడి తిండి మనకు సయిస్తుందా, మన భాష ఎవరికొచ్చు? కువి (కొండవాళ్ళ భాష) తప్ప తెలుగు రాని మనిషిని ఒంటరిగా దింపితే మూడోరోజుకు నడిచి ఇంటికొచ్చేస్తుంది, ఆమె తప్పేం లేదు. తోడు ఒకరు వెళ్ళాలి, పిల్లల్ని ఎవరు చూస్తారో ముందే తేలాలి, వీలైతే ఒకే గూడెం నుంచి ఇద్దరిని కలిపి పంపాలి. వాగులు పొంగే జులై–అక్టోబరు మధ్య కాన్పులుంటే ఈ మాటలు వేసవిలోనే మాట్లాడుకోండి.

బండి సంగతి. 108 ఉచితం, కాన్పుకు తీసుకెళ్తుంది. బాలింతను తిరిగి ఇంటికి దింపే 102 బండి కూడా ఉచితమే, ఆంధ్రలో తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ అంటారు. ఫోను సిగ్నలు ఎక్కడ అందుతుందో, బండి ఎక్కడిదాకా రాగలదో ఈ రెండు చోట్లూ ముందే చూసిపెట్టుకోండి. ఫోనులో చెప్పాల్సింది: ఎన్నో నెల, ఎన్నో కాన్పు, ఇప్పుడు ఏమవుతోంది, బండి ఆగాల్సిన చోటు, అక్కడ నిలబడే మనిషి పేరు, నంబరు. 'గూడెం' అని ఒక్కమాట చెబితే అదే పేరుతో ఇంకో మండలంలో ఉన్న గూడేనికి బండి వెళుతుంది. బండి రావడానికి గంటకు మించి పట్టేలా ఉంటే ఆగకుండా ఎదురు వెళ్ళండి. డోలీకి నలుగురు కాదు, మార్చుకోవడానికి ఎనిమిది మంది కావాలి. టార్చి, తాగునీళ్ళు, శుభ్రమైన గుడ్డలు, ఎంసీపీ కార్డు.

కాన్పు ఇంట్లోనో దారిలోనో అయిపోతే చూడాల్సింది రక్తం. ఒక మందపాటి ప్యాడ్ ఐదు నిమిషాల్లో తడిసిపోతుంటే అది ప్రమాదం, రెండు గంటల్లో ప్రాణం పోవచ్చు. బొడ్డు కింద గట్టిగా గుండ్రంగా రుద్దుతూ, ఒంటేలు పోయించి, బిడ్డను రొమ్ముకు పట్టించి, కప్పి, వెంటనే బయల్దేరాలి. మాయ పడలేదని తాడు పట్టుకు లాగవద్దు.

ఆసుపత్రి గేటు దాటాక

2011 జూన్ నుంచి ప్రభుత్వాసుపత్రిలో కాన్పు పూర్తిగా ఉచితం. మందులు, పరీక్షలు, స్కాన్, రక్తం, సిజేరియన్, తిండి (మామూలు కాన్పుకు 3 రోజులు, సిజేరియన్‌కు 7), రానుపోను బండి – అన్నీ. బయట మందులు కొనుక్కురమ్మని చీటీ ఇస్తే ఆ చీటీ మీద ఆసుపత్రి ముద్రో సంతకమో అడగండి. సగం చీటీలు అక్కడే ఆగిపోతాయి. కొన్నా బిల్లు దాచండి. మగపిల్లాడైతే ఇంత, ఆడపిల్లయితే ఇంత అని ఆయాలు, వార్డుబాయ్‌లు అడిగే డబ్బు గురించి వెళ్ళకముందే ఇంటివాళ్ళతో మాట్లాడండి. చాలామంది అది ఫీజనుకుంటారు. కొందరు ఇవ్వకపోతే బిడ్డను చూపించరని భయపడి అప్పు చేస్తారు.

సిజేరియన్ అంటే కారణం అడగండి, కేసు షీటులో రాయించండి. 'మంచి ముహూర్తం' కోసం మనవాళ్ళే అడగడం కూడా ఉంది. కోత అవసరమైనప్పుడు ఆలస్యం చేయడం ఎంత తప్పో, అక్కర్లేకుండా చేయడం కూడా అంతే: పోడు పనికి, కట్టెలమోతకు వెళ్ళే మనిషికి తర్వాతి కాన్పు కొండమీద ఇక కుదరదు. మామూలు కాన్పయితే 48 గంటలు ఉండాలి. సాయంత్రానికే పంపించేస్తామంటే ఒప్పుకోకండి. ఇంటికొచ్చాక ఆశ 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వచ్చి చూడాలి. బాలింతకు పథ్యమని కారం అన్నం తప్ప ఏమీ పెట్టకపోవడం, నీళ్ళు తగ్గించడం రక్తహీనతను మళ్ళీ మొదటికి తెస్తాయి. పప్పు, ఆకుకూర, గుడ్డు మొదటిరోజు నుంచే పెట్టొచ్చు.

డబ్బు విషయం త్వరగా: జననీ సురక్ష యోజన కింద మన రాష్ట్రాల్లో ఎస్సీ, ఎస్టీ, పేద కుటుంబాల తల్లికి పల్లెలో 700, పట్టణంలో 600. ఎన్నో కాన్పన్న షరతు 2013లోనే తీసేశారు, 'మూడో బిడ్డకు రాదు' అంటే పాత మాట చెబుతున్నట్టు. మాతృ వందన యోజన కింద మొదటి కాన్పుకు 3,000 + 2,000, రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000. అంగన్‌వాడీలో రాయించాలి. ఆగేది ఎప్పుడూ ఒకేచోట: ఆధార్‌లో పుట్టింటి పేరు, పాసుపుస్తకంలో అత్తింటి పేరు, లేదా ఖాతా ఆధార్‌కు కలపకపోవడం, లేదా వాడని ఖాతా మూసుకుపోవడం. ఐదో నెలలోనే బ్యాంకుకు వెళ్ళి పది రూపాయలు వేసి తీసి చూడండి.

ఆపరేషన్ ఒక్కటే దారి కాదు

ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళు ఒక శాతం కూడా లేరు. కోత లేని వేసెక్టమీ ఆడవాళ్ళ ఆపరేషన్ కన్నా చిన్నది, పావుగంటలో అయిపోతుంది, బలం తగ్గదు. అయినా 'కుటుంబ నియంత్రణ' అనగానే చీర కొంగే కనబడుతుంది. వేసెక్టమీ చేయించుకున్నాక 3 నెలలు కండోమ్ వాడి, వీర్యపరీక్ష చేయించుకుంటేనే పని పూర్తయినట్టు. ఆ సంగతి చెప్పకపోతే మధ్యలో గర్భమొస్తుంది, భార్య మీద అనుమానం పడుతుంది.

ఎడం కావాలనుకునేవాళ్ళకు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా దొరికేవి: కాపర్-టి కాన్పయిన 48 గంటల్లో వేయొచ్చు, లేదంటే 6 వారాల తర్వాత. ఒకరకం 5 ఏళ్ళు, ఇంకోరకం 10 ఏళ్ళు పనిచేస్తుంది. అంతర ఇంజెక్షన్ 3 నెలలకొకటి, పాలిచ్చే తల్లికి 6 వారాల తర్వాత. నెలసరి అస్తవ్యస్తమవుతుందని, ఆపేశాక గర్భం రావడానికి 7–10 నెలలు పట్టొచ్చని ముందే చెప్పాలి. చెప్పకపోతే రెండో ఇంజెక్షన్‌కు రారు. ఛాయ మాత్ర మొదటి 3 నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకటి. రోజూ వేసుకునేదని పొరబడతారు, సంతరోజుతో ముడిపెడితే గుర్తుంటుంది. రోజూ వేసుకునే మాల-ఎన్ మాత్ర పాలిచ్చే తల్లికి 6 నెలలదాకా వద్దు. ఈ మాటలన్నీ ఏడో నెలలో మాట్లాడాలి. నొప్పుల మంచం మీద వేలిముద్ర వేయించుకున్నది ఒప్పుకోలు అనిపించుకోదు.

ఆపరేషనే కావాలంటే ఆమె సంతకం చాలు, భర్త సంతకం అవసరం లేదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పుర్ దగ్గర ఒక్క క్యాంపులో 83 మందికి ఆపరేషన్లు చేసి పదిమందికి పైగా చనిపోయాక, ఇలాంటి క్యాంపులు మూడేళ్ళలో ఆపేయమని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. టార్గెట్ కోసం జీపులో ఎక్కించుకుపోతామంటే ఎక్కొద్దని చెప్పడం మీ బాధ్యతే.

వద్దనుకున్న గర్భం

అబార్షన్ మనదేశంలో 1971 నుంచి చట్టబద్ధం, 2021లో గడువు పెరిగింది. 20 వారాలదాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20–24 వారాల మధ్య ఇద్దరు, కొన్ని పరిస్థితుల్లో: అత్యాచారం, మైనరు, భర్త చనిపోవడం లేదా విడాకులు, వైకల్యం, బిడ్డకు తీవ్రలోపం వంటివి. పెళ్ళికానివాళ్ళకూ అదే హక్కని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 18 నిండిన మనిషికి తన సంతకం ఒక్కటే కావాలి. భర్తను తీసుకురమ్మనడం, 'ఆపరేషన్‌కు ఒప్పుకుంటేనే చేస్తాం' అనడం చట్టంలో లేనివి. పేరు బయటపెడితే డాక్టరు శిక్షార్హుడు. మైనరైతే గార్డియన్ సంతకం కావాలి. పోలీసులకు సమాచారం వెళ్ళినా, ఆ పిల్లా గార్డియనూ కోరితే డాక్టరు పేరు, గుర్తింపు చెప్పనక్కర్లేదని అదే తీర్పు వెసులుబాటు ఇచ్చింది.

ఆచరణలో జరిగేది వేరు. మందుల షాపులో మాత్రల కిట్టు కొని ఎవరికీ చెప్పకుండా మింగుతారు. ఆ మాత్రలు 9 వారాల లోపు, డాక్టరు చూశాకే. నెలలు దాటాక మింగితే ముక్కలు మిగిలిపోయి చీము పడుతుంది. గర్భం గర్భసంచిలో కాక గొట్టంలో ఉంటే మాత్రలు పనిచేయవు, గొట్టం పగిలి లోపలే రక్తం పోతుంది. రక్తం 8 ఉన్న మనిషికి ఇంట్లో అబార్షన్ అంటే నిప్పుతో ఆట. ఇప్పటికే మింగి వచ్చినవాళ్ళను తిట్టకండి. వరుసగా రెండు గంటలు, గంటకు రెండు ప్యాడ్లు తడుస్తున్నా, జ్వరం, చెడువాసన, భుజంలోకి పాకే కడుపునొప్పి ఉన్నా వెంటనే ఆసుపత్రికి. మాత్ర వేసుకున్న సంగతి డాక్టరుకు నిజం చెప్పాలి. వైద్యం ఆ నిజం మీదే నడుస్తుంది.

కాదన్నప్పుడు

నోటితో అడిగిన దానికి నోటితోనే జవాబొస్తుంది. తెల్లకాగితం మీద తేదీ, టైము, ఆసుపత్రి, ఏం అడిగారు, ఏమన్నారు, ఎంత డబ్బు తీసుకున్నారు అని రాసి సూపరింటెండెంటుకు ఒక ప్రతి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం తీసుకోండి. జవాబు రాకపోతే 104కు ఫిర్యాదు, ఆపై సోమవారం కలెక్టరేట్‌లో: తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. ఏజెన్సీలో ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి దగ్గర పని త్వరగా అవుతుంది, బండీ వసతి గృహమూ ఆయన చేతిలోవే కనుక. ఆ ఆసుపత్రిలో గత ఏడాది ఎన్ని సిజేరియన్లు, ఎన్ని కాన్పులు పెద్దాసుపత్రికి పంపారు, మత్తు డాక్టరు ఎన్ని రోజులు డ్యూటీలో ఉన్నారు అని సమాచార హక్కు కింద అడగండి. 30 రోజుల్లో చెప్పాలి, పేద కుటుంబమైతే రుసుము లేదు. ఇలా వచ్చిన ఒక్క కాగితం పది ఫిర్యాదుల పని చేస్తుంది.

తల్లి చనిపోతే ఆ మరణాన్ని నమోదు చేయించండి. గర్భంతో ఉన్నప్పుడు గానీ, కాన్పయిన 42 రోజుల్లో గానీ, అబార్షన్ తర్వాత గానీ జరిగిన మరణాలన్నీ ఇందులోకి వస్తాయి. ఆశ 24 గంటల్లో పీహెచ్‌సీకి తెలపాలి. ఆ తర్వాత ఇంటికొచ్చి విచారణ చేస్తారు: నొప్పులు ఎన్నింటికి మొదలయ్యాయి, ఎన్నింటికి ఫోను చేశారు, బండి ఎన్నింటికి వచ్చింది, ఏ ఆసుపత్రి నుంచి ఏ ఆసుపత్రికి ఎన్నింటికి తిప్పారు. దుఃఖంలో ఉన్న ఇంటివాళ్ళకు ఈ టైములు గుర్తుండవు. అందుకే కాన్పుకు వెళ్ళిన ప్రతి ఒక్కరి పేజీలోనూ, అంతా సవ్యంగా జరిగినా సరే, ఈ నాలుగు టైములు ఆ రోజే రాసిపెట్టండి.